ఫోన్‌లో మైండ్ మ్యాపా, నోట్స్ యాపా: ఏది మేలు?

ఫోన్‌లో మైండ్ మ్యాప్ యాప్ (విషయాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ ఆలోచనల్ని కొమ్మలుగా గీసేది) పెట్టుకోవాలా, నోట్స్ యాప్ పెట్టుకోవాలా అని ఎవరైనా అడిగితే, నేను ముందు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: వాళ్లు ఫోన్ తీసేది ఏదైనా రాసి పెట్టుకోవడానికా, కూర్చుని ఆలోచించడానికా? రాసి పెట్టుకోవడానికి వేగం కావాలి. ఆలోచించడానికి చోటు కావాలి. ఫోన్‌లో వేగానికి లోటు లేదు, చోటే తక్కువ. అందుకే రోజువారీ వాడకానికి నా ఓటు నోట్స్ యాప్‌కే. మైండ్ మ్యాప్ పనికిరాదని కాదు, అది అక్కరకొచ్చే ఘట్టం వేరు.

ముందు చోటు సంగతి చూద్దాం. మైండ్ మ్యాప్‌ని 1970లలో జనంలోకి తెచ్చిన టోనీ బుజాన్ చెప్పిన పద్ధతిలో కాగితాన్ని అడ్డంగా పెట్టుకోవాలి, విషయాన్ని నడిమధ్యన బొమ్మగా వేయాలి, ఒక్కో కొమ్మ మీద ఒక్కో మాటే రాయాలి. అదంతా వెడల్పాటి కాగితానికి కుదిరే పద్ధతి. మనం ఫోన్ పట్టుకునేది నిలువుగా. విషయం మధ్యలో ఉంటే కుడిపక్కా ఎడమపక్కా మిగిలే జాగా స్క్రీన్‌లో సగం కూడా ఉండదు. మూడో అంచె కొమ్మలు వేసేసరికి అవి స్క్రీన్ దాటిపోతాయి. మ్యాప్‌ని చిన్నది చేస్తే అక్షరాలు కనపడవు, పెద్దది చేస్తే మ్యాప్ కనపడదు. కీబోర్డు పైకి వచ్చిందంటే ఉన్న జాగాలో చాలా భాగం దానికే పోతుంది. ఒక్క చూపులో విషయమంతా కనిపించడమే మైండ్ మ్యాప్ గొప్పతనం. ఫోన్ మీద మొదట పోయేది సరిగ్గా అదే.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన మాటలు విభక్తులతో, ప్రత్యయాలతో పొడుగవుతాయి. 'పరీక్షకు చదవాల్సిన పాఠాలు' అని రాస్తే కొమ్మ స్క్రీన్ అంతా ఆక్రమిస్తుంది. 'పాఠాలు' అని ఊరుకుంటే చాలు, పై కొమ్మ ఏమిటో చూస్తే మిగతాది అర్థమవుతుంది. ఈ పొదుపు అలవాటైతే ఫోన్‌లో కూడా మ్యాప్ బాగానే నిలబడుతుంది. దాంతోపాటు లేఔట్ మార్చుకోండి. రెండు వైపులా కాకుండా కొమ్మలన్నీ ఒకే వైపుకో, పైనుంచి కిందికో వచ్చేలా పెట్టండి. సింపుల్‌మైండ్ అనే మ్యాప్ యాప్‌లో జాబితాలా కిందికి దిగే లేఔట్ కూడా ఉంది, నిలువు స్క్రీన్‌కు అది చక్కగా నప్పుతుంది. పని లేని కొమ్మల్ని ముడిచేయడం మరిచిపోవద్దు.

ఇక నోట్స్ యాప్‌ల వైపు వస్తే, గూగుల్ కీప్ లాంటిది తెరిచిన వెంటనే రాయొచ్చు, నోటితో చెప్పొచ్చు, ఫొటో తీసి పడేయొచ్చు. క్లాసులో, మీటింగ్‌లో, నడుస్తున్నప్పుడు తట్టినదానికి ఇంతకు మించి అక్కర్లేదు. మాట్లాడేవాళ్లు ఏ వరసలో చెప్తారో ముందుగా తెలియదు కాబట్టి, అక్కడ మ్యాప్ గీయబోతే ఏది ఏ కొమ్మకు చెందుతుందో తేల్చుకునేలోపు తర్వాతి మాట జారిపోతుంది.

కానీ నోట్స్‌కు ఒక జబ్బుంది. తట్టిన వరసలోనే పోగుపడతాయి, అర్థం ఉన్న వరసలో కాదు. ఒక వ్యాసానికో ప్రసంగానికో ఇరవై ముక్కలు రాసుకున్నాక, ఏది దేని కిందికి వస్తుందో, ఏది అనవసరమో జాబితా చూసి చెప్పడం కష్టం. ఇక్కడ మ్యాప్‌దే పైచేయి. కొమ్మని పట్టి లాగితే దాని కిందవన్నీ కలిసి వస్తాయి. ఒక కొమ్మ గుబురుగా, ఇంకోటి బోడిగా ఉంటే ఆలోచన ఎక్కడ పలచగా ఉందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చదువుకునేవాళ్లకైతే పాఠం చదువుతూ మ్యాప్ గీయడం కన్నా, పుస్తకం మూసి గుర్తున్నంతవరకు గీసి, ఆ తర్వాత తెరిచి సరిచూసుకోమంటాను. మళ్లీ మళ్లీ చదవడం కన్నా అలా గుర్తు తెచ్చుకోవడంతోనే విషయం ఎక్కువ కాలం నిలుస్తుంది.

నిజానికి మైండ్ మ్యాప్, అంచెలంచెలుగా లోపలికి జరిపి రాసిన జాబితా, రెండూ లోపల ఒకటే చెట్టు. ఎక్స్‌మైండ్, మైండ్‌నోడ్ లాంటి మ్యాప్ యాప్‌లు ఒకే ఫైలుని జాబితాగానూ మ్యాప్‌గానూ చూపిస్తాయి. జాబితాగా టైప్ చేసి, ఆలోచించాల్సి వచ్చినప్పుడు మ్యాప్‌లోకి మారడమే ఫోన్‌కు అన్నిటికన్నా అనువైన దారి అని నా నమ్మకం. అయితే మైండ్‌నోడ్ ప్రధానంగా యాపిల్ పరికరాల కోసం చేసింది. నోట్స్ వైపు నుంచే రావాలనుకుంటే కీప్ చాలదు, దాని చెక్‌లిస్టులో ఒక్క అంచె మాత్రమే లోపలికి జరుగుతుంది. వన్‌నోట్‌లో, అబ్సిడియన్‌లో చాలా అంచెలు పెట్టొచ్చు. వన్‌నోట్‌లో కంప్యూటర్ మీద వెడల్పుగా రాసిన పేజీని ఫోన్‌లో అటూ ఇటూ జరుపుతూ చదవాల్సి రావడం విసుగే. పెన్నుతో రాసే టాబ్లెట్ ఉంటే మాత్రం వన్‌నోటే హాయి.

ఫోన్, కంప్యూటర్ రెండింట్లోనూ వాడేవాళ్లు సింక్ గురించి, అంటే ఒకచోట మార్చింది రెండోచోటికి చేరడం గురించి, తప్పక ఆలోచించాలి. మ్యాప్ అంతా సాధారణంగా ఒకే ఫైలు. నెట్ లేనప్పుడు ఫోన్‌లో ఒక కొమ్మ, కంప్యూటర్‌లో ఇంకో కొమ్మ మారిస్తే రెండు కాపీలు తయారయ్యే ప్రమాదం ఉంది. నోట్స్ విడివిడిగా ఉంటాయి కాబట్టి గొడవ వచ్చినా ఒక్క నోట్‌తో పోతుంది.

నేను అన్నిటికన్నా పట్టింపుగా చూసేది, రాసింది బయటికి ఎలా వస్తుందన్నది. యాప్‌ల షరతులు ఎప్పుడైనా మారొచ్చు. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ 2023 డిసెంబర్‌లో ఉచిత ఖాతాకు 50 నోట్స్, ఒక్క నోట్‌బుక్ అని హద్దు పెట్టింది. నోట్స్ యాప్‌లలో అబ్సిడియన్ నోట్స్‌ని మార్క్‌డౌన్ ఫైళ్లుగానే దాస్తుంది, జోప్లిన్ నుంచి మార్క్‌డౌన్‌గా బయటికి తీసుకోవచ్చు. అది మామూలు అక్షరాల ఫైలే కాబట్టి ఏ టెక్స్ట్ యాప్‌లోనైనా తెరుచుకుంటుంది. మ్యాప్ యాప్‌లలో చూడాల్సింది ఓపీఎంఎల్, అంటే అంచెలతో సహా వేరే యాప్‌కు పంపగలిగే ఫైలు రకం. పీడీఎఫ్‌గా, బొమ్మగా మాత్రమే పంపనిచ్చే యాప్‌లో మీ చెట్టు బయటికి రాదు, దాని ఫొటోనే వస్తుంది.

కాబట్టి డబ్బు కట్టకముందే మూడు అంచెల చిన్న మ్యాప్ ఒకటి తెలుగులోనే చేసి, ఓపీఎంఎల్‌గా బయటికి తీసి వేరే యాప్‌లో తెరవండి. అంచెలు వరస తప్పలేదా, ఒత్తులు చెదరలేదా, కొమ్మల కింద రాసిన నోట్స్ కూడా వచ్చాయా అన్నవి చూడండి. ఆ ఎగుమతి సౌకర్యం ఉచిత వెర్షన్‌లో లేకపోతే, ట్రయల్ గడువు అయ్యేలోపే ఈ పరీక్ష పూర్తిచేయండి.