పర్లాకిమిడి పుస్తకాల దుకాణంలో మతతత్త్వశాస్త్రపు అర

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో తెలుగు, ఒడియా పుస్తకాలను కలిపి అమ్మే ఒక చిన్న దుకాణంలో మతతత్త్వశాస్త్రానికి, అంటే దేవుడు, మరణానంతర అస్తిత్వం వంటి మత విషయాలను తర్కంతో పరిశీలించే శాస్త్రానికి, ప్రత్యేకంగా ఒక అర కేటాయించడం మెచ్చుకోదగినదే గాని, ఆ అర సర్దిన తీరుతో మాత్రం నేను ఏకీభవించలేను. దేవుని ఉనికిని చర్చించిన పాశ్చాత్యులు ఆన్సెల్మ్, అక్వినాస్, హ్యూమ్ అక్కడ తత్త్వవేత్తలుగా కొలువుదీరగా, ఈశ్వరుని ఉనికిని తర్కంతో స్థాపించబూనిన న్యాయదర్శన పండితుడు ఉదయనుని న్యాయకుసుమాంజలి వ్రతకథల పక్కన భక్తి విభాగంలో ఉంది. నైయాయికుల, అంటే న్యాయదర్శనం వారి, ఆ తార్కిక నిర్ధారణను ఖండించిన బౌద్ధుడు రత్నకీర్తి అసలు లేనే లేడు. వాదానికి వాదం ఎదురు నిలిచిన చోటును భక్తి అనడం ఏమి న్యాయం?

గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాషకు నిఘంటువు కూర్చిన ఊరిది. అయినా 1955లో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల మతంపై వెలువరించిన గ్రంథం గిరిజన సంస్కృతి కింద, పై అరలో, నిచ్చెన వేస్తే తప్ప అందని చోట ఉంది. చనిపోయినవారు పూజారిణి నోట బతికినవారితో మాట్లాడతారన్న సవరల నమ్మకం, మరణానంతర అస్తిత్వాన్ని గురించిన చర్చలో ప్లేటో పక్కనే నిలవదగినది. నిరాకారుడైన అలేఖుని కొలిచే మహిమా ధర్మపు కవి భీమ భోయి రచనలు ఒడియాలో దొరుకుతాయి, తెలుగులో లేవు.

యజమాని మర్యాదస్థుడు, అడిగిన పుస్తకం తెప్పిస్తారు, ధరలు సమంజసం. లోపలి గదిలో వెలుతురు చాలదు.