జీతగాడైన కాపరి కోసం మాంచెస్టర్ ప్రయాణం

ఇంగ్లండులో ఎనిమిది రోజులు గడిపే అవకాశం వచ్చినప్పుడు, అందులో రెండు రోజులు ఒకే ఒక్క తైలవర్ణ చిత్రం కోసం పక్కన పెట్టుకున్నాను. అది ఆంగ్ల చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్ 1851లో మొదలుపెట్టిన ‘ది హైర్లింగ్ షెపర్డ్’. ఆ పేరు యోహాను సువార్త పదో అధ్యాయం నుంచి వచ్చింది. తెలుగు బైబిలులో అక్కడ ఉన్న మాట ‘జీతగాడు’. మా అనంతపురం పల్లెల్లో కూలికి మందను కాసేవాణ్ణి కూడా ఆ మాటతోనే పిలుస్తారు. మా తాతగారు గొర్రెలు కాచిన మనిషి కావడం వల్ల, కాలేజీ రోజుల్లో ఈ బొమ్మను అచ్చులో చూసిననాటి నుంచీ అసలు చిత్రం ముందు నిలబడాలన్న కోరిక నన్ను వదలలేదు.

లండన్ యూస్టన్ నుంచి మాంచెస్టర్ పిక్కడిల్లీకి రైల్లో రెండు గంటల పైచిలుకు పడుతుంది. టికెట్టు ముందుగా కొనుక్కుంటే ఖర్చు బాగా కలిసివస్తుంది. మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీ మోస్లీ వీధిలో, స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. సెయింట్ పీటర్స్ స్క్వేర్ ట్రామ్ స్టాపు ఇంకా దగ్గర. ప్రవేశం ఉచితం, సోమవారాలు సెలవు. చిత్రాలను అప్పుడప్పుడు గోడ మీద నుంచి దింపుతుంటారు కాబట్టి, బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

బస విషయంలో మొదటి రాత్రి నాకు ఇబ్బంది ఎదురైంది. ప్రశాంతమైన గది అని చెప్పి ఇచ్చినది వీధి వైపు ఉంది, కిటికీ పూర్తిగా మూసుకోలేదు, మార్చమంటే వేరే గది లేదన్నారు. మర్నాడు గ్యాలరీకి దగ్గరలోనే ఒక సాదా హోటలుకు మారాను. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. అంతకన్నా ముఖ్యంగా, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం భోజనం తరువాత మరొకసారి చిత్రాన్ని చూసి రావడానికి అది వీలు కల్పించింది. లండన్ నుంచి ఒక్క పూటలో వచ్చి వెళ్లిపోయేవారికి ఆ రెండోసారి చూపు దక్కదు.

చిత్రం వెడల్పు దాదాపు 110 సెంటీమీటర్లు, ఎత్తు 76. ఎండకు కందిన ముఖంతో ఒక కాపరి, నడుముకు చిన్న మద్యపు పీపా వేలాడుతుండగా, పచ్చిక మీద కూర్చున్న పల్లెపడుచు భుజం మీదుగా వంగి, అరచేతిలో పట్టిన రెక్కల పురుగును చూపిస్తున్నాడు. దాని వీపు మీద పుర్రె ఆకారపు మచ్చ ఉంటుంది. అది కనబడితే అపశకునమని అక్కడి జానపదుల నమ్మకం. ఆమె ఒడిలో ఉన్న గొర్రెపిల్ల పచ్చి ఆపిల్ కాయలు తింటోంది. వెనక మంద పొలంలోకి చొరబడింది, కొన్ని గొర్రెలు నేల మీద పడి ఉన్నాయి. మందను వదిలేసి వ్యర్థ చర్చల్లో మునిగిన మతగురువులనే ఈ కాపరి సూచిస్తున్నాడని హంట్ 1897లో ఒక లేఖలో వివరించాడు. ఆ వివరణ చదవకముందే నాకు ఈ బొమ్మ భయం పుట్టించింది. పచ్చి పైరులో పడిన మందకు కడుపుబ్బరం వస్తుందని, లేత జొన్న మేసిన గొర్రె మళ్లీ లేవదని తాతగారు చెప్పగా విన్నవాణ్ణి.

హంట్ శైలి గొప్పదనం నాకు ఇక్కడే కనిపించింది. అతనూ మిత్రులూ 1848లో ప్రీ-రాఫెలైట్ బృందంగా ఏర్పడి, లండన్‌లోని చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీ అలవాటు చేసిన గోధుమవన్నె చీకటిని వదిలేశారు. తెల్లని అడుగు పూత మీద, కొన్ని భాగాల్లో అది ఇంకా తడిగా ఉండగానే, పల్చని రంగులు సన్న కుంచెతో వేసేవారు. అందుకే 170 ఏళ్లు దాటినా ఆ పచ్చిక లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. నీడల్లో నలుపు కన్నా నీలం, ఊదా ఎక్కువ. పింగాణీ బొమ్మల్లాంటి కాపరులను కాక నిజమైన పల్లె మనుషులను నిండు ఎండలో గీయడమే తన మొదటి ఉద్దేశమని అతను చెప్పుకున్నాడు. 1852లో రాయల్ అకాడమీలో ప్రదర్శించినప్పుడు ఆ ఎర్రబారిన ముఖాలను మోటుగా ఉన్నాయని కొందరు విమర్శించారు. నా దృష్టిలో ఆ మోటుదనమే సంకేతాలకు ప్రాణం పోసింది: పురుగు ముందు పురుగుగా నమ్మిస్తుంది, ఆ తరువాతే శకునమవుతుంది. అంతసేపు అక్కడే నిలబడ్డ నన్ను ఎవరూ కదలమనలేదు; పైగా ఆ గ్యాలరీ గది చూసుకునే ఉద్యోగిని ఒక మడత పీట తెచ్చి ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో లండన్ వాటర్లూ స్టేషను నుంచి రైలెక్కి నగర శివార్లలోని ఈవెల్‌కు వెళ్లాను. హంట్ ఈ పొలాన్ని, అతని చిత్రకార మిత్రుడు మిలే తన ‘ఒఫీలియా’ చిత్రంలోని ఏటి ఒడ్డును, 1851లో ఆ పరిసరాల్లోనే చిత్రించారు. ఇప్పుడక్కడ గొర్రెలు లేవు, చుట్టూ ఇళ్లే. అయినా హాగ్స్‌మిల్ ఏటి ఒడ్డున నడవడానికి ఒక పూట చాలు, బస అవసరం లేదు.

లండన్‌లోని టేట్ బ్రిటన్ చిత్రశాలకు మాత్రం చివరగా వెళ్లడం మేలు. ‘ఒఫీలియా’ చుట్టూ నేను వెళ్లినరోజు జనం మూగి ఉన్నారు. హంట్ 1852లో గీసిన ‘అవర్ ఇంగ్లిష్ కోస్ట్స్’ ముందు ఎవరూ లేరు. సముద్రపు కొండ అంచున దారితప్పిన గొర్రెలు, ఈసారి కాపరే లేడు. ఒక గొర్రె చెవికి వెనక నుంచి ఎండ తగిలి, ఆ పల్చని చర్మం ఎర్రగా వెలుగుతోంది. మా దొడ్డి గుమ్మం దగ్గర పొద్దున్నే నేను చూసిన చెవి అచ్చంగా అదే.