సూపర్‌సోనిక్స్ పాత జెర్సీ: కొనేముందు చూసుకోవాల్సినవి

అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు సియాటిల్ సూపర్‌సోనిక్స్ 1967లో మొదలైంది. 1979 ఫైనల్లో వాషింగ్టన్ బుల్లెట్స్‌ను 4-1తో ఓడించి తన ఏకైక ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టైటిల్ గెలిచింది. 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోయి థండర్ అనే జట్టు అయింది. ఊరికి మిగిలింది జ్ఞాపకాలు, ఈ జెర్సీలే. కాబట్టి నకిలీకి డబ్బు పోయకండి.

మా ఓటు పాతకాలపు జెర్సీలను మళ్లీ తయారుచేసే మిచెల్ అండ్ నెస్ కంపెనీ స్వింగ్‌మన్ (అభిమానుల కోసం చేసే) రకంలో వచ్చే, 1995-96 సీజన్‌లో సోనిక్స్ ఆటగాడు గ్యారీ పేటన్ వేసుకున్న 20 నంబరు జెర్సీకే. 64 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్లో జోర్డన్ ఆడిన షికాగో బుల్స్‌తో 4-2తో ఓడిన జట్టు అది. ఆ ఏడాది ఉత్తమ డిఫెండర్ అవార్డు పేటన్‌దే. రంగులు ముదురు ఆకుపచ్చ, ఎరుపు, కంచు. ఆకుపచ్చ, పసుపు 1979 నాటివి. పేటన్ పేరుతో 1995-96 అని చెప్పి ఆ రంగుల్లో అమ్మితే వదిలేయండి.

తర్వాత నంబరు అంచును గోటితో తడమండి. గుడ్డ ముక్కను చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టి ఉండాలి. రబ్బరులా నున్నగా తగిలితే అది వేడితో అతికించిన ముద్ర, ఉతికేకొద్దీ పగుళ్లిస్తుంది. కింది అంచు దగ్గరి లేబుల్ మీద సీజన్ కూడా చూసుకోండి.

కొలత వదులు, పొడవు కూడా ఎక్కువే. లోపల టీషర్టు వేసుకోనివాళ్లకు ఒక సైజు తగ్గిస్తే బాగుంటుంది. తిరగేసి చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. డ్రయ్యర్, నంబరు మీద ఇస్త్రీ రెండూ వద్దు, వేడికి అంచులు ముడుచుకుంటాయి.