శ్రావణమాసంలో ఆరని నల్ల సిరా: నాలుగేళ్ల వాడకం తరువాత

ముద్ర వేసిన నల్లని గీత మీదుగా తడి కుంచె నడిచినప్పుడు ఆ గీత చెదరకూడదు. రబ్బరు స్టాంపులతో బొమ్మ అచ్చువేసి, అందులో నీటి రంగులు నింపి గ్రీటింగ్ కార్డులు చేసేవారు సిరా ప్యాడ్ కొనేటప్పుడు చూసుకోవలసిన గుణం నా దృష్టిలో ఇదొక్కటే. తక్కినవన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి, లేదా మొదటి ముద్రలోనే తెలిసిపోతాయి. నేను నాలుగేళ్లుగా వాడుతున్నది నీటికి చెదరదని పేరున్న ఒక నల్ల పిగ్మెంట్ సిరా ప్యాడ్. మొదటి ఏడాది దీని గురించి అడిగినవారికీ అడగనివారికీ ఎంతో మెచ్చుకుంటూ చెప్పాను. ఆ మెప్పును వెనక్కి తీసుకోవడం లేదు గాని, విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉంటూ ఈ పని చేసేవారు దానికి ఒక షరతు జతచేసుకొని వినాలి.

మెచ్చుకోవడానికి కారణం లేకపోలేదు. అంతకుముందు నేను వాడినది ఆఫీసుల్లో కనిపించే మామూలు స్టాంపు ప్యాడ్. దాని సిరాలో ఉండేది నీటిలో కరిగే రంగు. ప్యాడ్ త్వరగా ఎండిపోకుండా గ్లిసరిన్ వంటి ద్రవం కూడా అందులో ఉంటుంది. రసీదు మీద ముద్రకు అది చక్కగా సరిపోతుంది గాని, తడి కుంచె ఆనించగానే గీతంతా కరిగి పువ్వు లోపలికి పారుతుంది. పిగ్మెంట్ సిరా సంగతి వేరు. అందులో రంగు కరిగి ఉండదు, అతి సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. సిరాలోని జిగురు ఎండిన తరువాత ఆ రేణువులు కాగితాన్ని పట్టుకొని ఉండిపోతాయి.

డాబా గార్డెన్స్‌లో ఆఫీసు సీళ్లు చేసే ఒక దుకాణంలో, నేను గీసి ఇచ్చిన సింహాచలం సంపెంగ బొమ్మను రబ్బరులో చెక్కించి, చెక్క పిడి పెట్టించుకున్నాను. "అర మిల్లీమీటరు కన్నా సన్నని గీతలు పెట్టకండమ్మా, నాలుగు అచ్చులకే తెగిపోతాయి" అని ఆ దుకాణదారు ముందే చెప్పారు. ఆ మాట విన్నందుకు ఆ స్టాంపు నేటికీ తొలినాటి స్పష్టతతోనే పడుతోంది. ఈ సిరాతో వేసిన తొలి సంక్రాంతి కార్డు మీద, పది నిమిషాలు ఆగి, పసుపు రంగును ధారాళంగా పూశాను. గీత కదలలేదు. ఆ సంక్రాంతికి 30 కార్డులు, ఉగాదికి వేపపూత రెమ్మలతో మరో 25 చేశాను. ఒక్కటీ పాడు కాలేదు.

పాడైనవి శ్రావణమాసంలో. మా చెల్లెలు మధురవాడలో కొత్త ఇల్లు కట్టుకొని, గృహప్రవేశానికి 40 పిలుపు కార్డులు నా చేతితోనే చేసిపెట్టమని అడిగింది. "అప్పా, ప్రెస్సులో వేయించినవి చదివి పక్కన పెట్టేస్తారు, నువ్వు చేసినవైతే దాచుకుంటారు" అన్న ఆమె మాటకు పొంగిపోయి, ఖర్చుకు వెనుకాడకుండా, అప్పటివరకు వాడుతున్న చవక కాగితం వదిలి, పూర్తిగా పత్తి పీచుతో చేసిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నీటి రంగుల కాగితం తెప్పించాను. ఏ5 పరిమాణంలో, అంటే మామూలు ఏ4 కాగితంలో సగానికి, కోసి మధ్యకు మడిస్తే ఒక్కో కార్డు 9 గ్రాములకు కొంచెం పైన తూగుతుంది. కవరుతో కలిపినా 20 గ్రాములు దాటదు కనుక 5 రూపాయల తపాలా బిళ్ళతో వెళ్ళిపోతుందని లెక్క కూడా వేసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి అన్ని కార్డుల మీదా సంపెంగలు అచ్చువేసి, బల్ల మీద, మంచం మీద, చివరికి వంటింటి గట్టు మీద కూడా పరిచి పడుకున్నాను. బయట వాన పడుతూనే ఉంది.

ఉదయం ఏడింటికి మొదటి కార్డు తీసుకొని రేకల మీద పలచని పసుపు పూత వేశాను. కుంచె వెనుకే, గీత అంచు నుంచి పొగలాంటిది బయలుదేరింది. పసుపులో నలుపు కలిస్తే వచ్చేది పాకుడు పచ్చ. చూస్తుండగానే సంపెంగ రేకలన్నీ వానకు నాచు పట్టిన గోడలా తయారయ్యాయి. నా చేతి తడి తగిలి ఆ ఒక్కటే పాడైందేమోనని రెండోది తీశాను. కుంచెలో నీరు ఎక్కువైందేమోనని పిండి మూడోది తీశాను. అలా 11 కార్డులు పోయిన తరువాత గాని చేయి ఆగలేదు. కాగితం ఖరీదు సరే, గృహప్రవేశానికి పన్నెండు రోజులే ఉంది, చెల్లెలికి మాట ఇచ్చి ఉన్నాను, ఎందరికో నమ్మకంగా చెప్పిన సిరా నా కళ్ళ ముందే కరిగి పోతోంది. ఆ ఉదయం కలిగిన కోపం, దుఃఖం ఇప్పటికీ గుర్తున్నాయి.

మధ్యాహ్నం మిగిలిన ముక్కల మీద వరుసగా పరీక్షించి చూశాను. పాత కాగితం మీద అదే సిరా గంటలో ఆరింది. తడి తగిలితే అంచున కొద్దిగా మసకబారింది తప్ప చెదరలేదు. పత్తి కాగితం మీద మాత్రం సాయంత్రానికి కూడా వేలితో రుద్దితే నల్లగా అంటింది. నీటి రంగుల కోసం తయారయ్యే మంచి కాగితానికి జెలటిన్ వంటి పదార్థంతో, చీరకు గంజి పెట్టినట్లు, ఒక పూత ఇస్తారు. దానినే సైజింగ్ అంటారు. రంగు లోపలికి ఇంకిపోకుండా పైన నిలిచి కాంతివంతంగా కనిపించడానికి ఆ పూతే కారణం. అదే పూత సిరానూ ఇంకనివ్వదు. కాగితంలోకి దారి లేనప్పుడు సిరాలోని తడి గాలిలోకే పోవాలి, వానాకాలంలో మా ఊరి గాలికి ఉన్న తడే ఎక్కువ; ఆరేసిన బట్టలు రెండో రోజుకు కూడా చెమ్మగానే ఉంటాయి. కాబట్టి జనవరిలో నేను చూసిన ఫలితంలో సిరా గొప్పతనం ఎంతో, పీల్చుకునే చవక కాగితమూ చలికాలపు పొడి గాలీ కలిసి చేసిన సాయమూ అంతే. డబ్బా మీద నీటికి చెదరదని పెద్ద అక్షరాలతో ఉంది. పూర్తిగా ఆరిన తరువాతే అన్న మాట ఎక్కడా లేదు. తయారీదారు మీద నా ఫిర్యాదు ఇప్పటికీ అదే.

మిగిలిన 29 కార్డులను హీట్ గన్, అంటే బాగా వేడి గాలి ఊదే సాధనం, కాపాడింది. వెనుక వైపు నుంచి ఒక్కొక్కటీ అర నిమిషం వేడిచేస్తే గీత ఆరింది. కాగితం విల్లులా వంగినా, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే సర్దుకుంది. పాడైనవాటికి బదులు కొత్తవి వేసేటప్పుడు మరొకటి ప్రయత్నించాను. ఎప్పుడో కొని పక్కన పెట్టిన రంగులేని ఎంబాసింగ్ పొడిని తడి సిరా మీద చల్లి, ఎక్కువైనది దులిపి, వేడి చూపాను. పొడి కరిగి గీత మీద గాజులా పరుచుకొని వేలికి తగిలేటంత ఎత్తుగా లేచింది. నీటికి ఆ గీత చెదరలేదు, అంతవరకు నేను అనుకున్నదే. రేక లోపల పోసిన పసుపు నీరు గీతను దాటి పక్క రేకలోకి పోకపోవడం మాత్రం నేను ఊహించనిది. మడికి గట్టు వేసి నీరు కట్టినట్లు ప్రతి రేకలోనూ రంగు నిండుగా నిలిచింది. తడి ఆరకముందే రేక మొదట్లో ఒక చుక్క నారింజ రంగు వదిలితే అది మెల్లగా పైకి పాకి, పసుపులో కలిసి, గట్టు దగ్గర ఆగిపోయింది. అంతవరకు పక్కపక్క రేకలకు రంగు వేయాలంటే ఒకటి ఆరేదాకా రెండోదాని జోలికి పోయేదాన్ని కాదు. ఆ రోజు అయిదు రేకలూ ఒకే ఊపులో నింపాను. నాలుగేళ్లలో ఈ సిరా నాకు ఇచ్చిన అన్నిటికన్నా పెద్ద సంతోషం అదే. పొడి పట్టుకోవాలంటే గీత కాసేపు తడిగా ఉండాలి కదా, నన్ను అంతగా ఏడిపించిన ఆ ఆరని గుణమే ఇక్కడ అక్కరకు వచ్చింది.

అయితే ఇందులో పడవలసిన తిప్పలూ ఉన్నాయి. పొడి చల్లేటప్పుడు ఫ్యాను ఆపాలి, మే నెలలో మా ఇంట అది చిన్న మాట కాదు. చెమట చేయి కాగితానికి తగిలిన చోటల్లా పొడి అంటుకొని, వేడికి మచ్చలుగా మిగులుతుంది. పలచని గుడ్డలో టాల్కం పౌడరు మూట కట్టి ముందుగా కాగితమంతా అద్దితే ఆ బాధ తప్పుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పనికిరాదు, పొడిని కరిగించేలోగా ఎగరగొడుతుంది. సన్నని గీతలు పొడితో లావెక్కి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కనుక నా వేపాకు స్టాంపుకు, దానిలోని సన్నని ఈనెలు కలిసిపోకుండా, నేటికీ పొడి వాడను. ప్యాడ్‌లో నింపుకునే సిరా సీసా నేను అడిగిన దుకాణాల్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాను. పని అయిన వెంటనే స్టాంపును తడిగుడ్డతో తుడవకపోతే సిరా గాడుల్లో గట్టిపడుతుంది. ఇది మాత్రం ఏ కాలంలోనైనా ఒకటే.

కొనవచ్చా అని అడిగేవారికి ఇప్పుడు నేను ముందుగా వారి ఊరూ వారు వాడే కాగితమూ అడుగుతున్నాను. అనంతపురం వంటి పొడి వాతావరణంలో, మామూలు కాగితం మీద, ఏడాదికి పది కార్డులు చేసుకునేవారికి నేను చెప్పిన చిక్కులేవీ ఎదురు కాకపోవచ్చు. నాకు సముద్రపు గాలి, పత్తి కాగితం, ఏడాదికి సుమారు 150 కార్డులు, వేడి చూపే సాధనం ఇంట్లో ఉండడం, సాయంత్రాలు తీరిక ఉండడం అన్నీ కలిసివచ్చాయి కనుక రెండో ప్యాడ్ కూడా ఇదే కొన్నాను. జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం, పొడి గాని వేడి గాని లేకుండా దీనితో ముద్ర వేయడం మానుకున్నాను.

పాకుడు పచ్చగా మారిన ఆ 11 కార్డులను పారవేయలేదు. వాటి వెనుక వైపున ప్రతి వానాకాలం పరీక్ష జరుగుతుంది: ఒక ముద్ర, తేదీ, ఎన్ని గంటలు ఆగానో, పక్కన ఒక తడి కుంచె గీత. కిందటి ఆగస్టులో వేసిన ముద్ర ఆరడానికి ఒక రాత్రి, ఒక పగలు పట్టిందని అక్కడ రాసి ఉంది.