గళ్ల నుడికట్టులో మనుషులు: పేరు ముందా, అక్షరం ముందా?

గళ్ల నుడికట్టులో ఒక వ్యక్తిని సూచించే ఆధారం ఎదురైనప్పుడు, తెలిసిన సంగతిని బట్టి పేరును నేరుగా నింపడం ఒక పద్ధతి కాగా, ఆ గళ్లను దాటిపోయే నిలువు పదాలను ముందుగా పూర్తిచేసి, దొరికిన అక్షరాల సాయంతో మనిషిని గుర్తించడం రెండవ పద్ధతి.

ఆధారం ఒక్కరికే వర్తించినప్పుడు మొదటిదే మేలు. ‘1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రి’ అనగానే లక్నేపల్లిలో పుట్టిన పీవీ గుర్తుకు వస్తారు. అయితే ఆరు గళ్లలో ‘నరసింహారావు’ అని రాసేటప్పుడు నాలుగవ గడిలో ‘హా’ ఉండాలా, ‘హ’ ఉండాలా అన్నది నిలువు పదమే తేల్చాలి.

‘ఓరుగల్లు ప్రాంత కవి’ అని మూడు గళ్లు ఇచ్చినప్పుడు మాత్రం మొదటి పద్ధతి నిలవదు. పోతన, సోమన, కాళోజీ ముగ్గురూ అందులో ఇముడుతారు. పైగా మొదటి ఇద్దరి పేర్లూ ‘న’తోనే ముగుస్తాయి కనుక చివరి గడి తెలిసినంత మాత్రాన పని పూర్తికాదు, తొలి రెండు గళ్లలో ఒకటైనా తెలియాలి. ఆధారంలో ‘పద్మవిభూషణ్’ అన్న మాట చేరితే కాళోజీ ఒక్కరే మిగులుతారు. కూర్పరులు ఆ మాటను అంత సులువుగా ఇవ్వరు. అందుకే వ్యక్తుల ఆధారాలకు నేను రెండవ పద్ధతినే ఎంచుకుంటాను.

బంధుత్వాలకు ఇంత శ్రమ అక్కరలేదు. ‘భర్త సోదరి’కి నాలుగు గళ్లుంటే ఆడబిడ్డ, ఐదుంటే ఆడపడుచు.