తొట్టిలో అతికించిన బాలయేసు: ఒక చెక్క బొమ్మల సెట్ గురించి

క్రిస్మస్‌కు యేసు పుట్టిన దృశ్యాన్ని పేర్చుకునే ఈ పశువుల పాక సెట్ మా ఇంటికొచ్చి మూడు క్రిస్మస్‌లు అయింది. ఒక చెక్క పాక, 14 బొమ్మలు, డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి చదువుకోవడానికి 24 బైబిల్ వాక్యం కార్డులు ఉన్నాయి. బొమ్మలు పిల్లల గుప్పిట్లో పట్టేంత ఉంటాయి. అంచులు బాగా నున్నగా చేశారు. ఎన్నిసార్లు కింద పడినా ఇప్పటివరకు ఒక గొర్రెకు చెవి మాత్రమే విరిగింది.

ఇంతకుముందు మా అత్తయ్య ఇచ్చిన పింగాణీ సెట్ ఉండేది. చాలా అందమైనది. కానీ పగులుతుందని అద్దాల బీరువాలోనే పెట్టేవాళ్లం. పిల్లలు ముట్టుకోవడానికి ఇంట్లో మిగిలినవి గిఫ్ట్ ప్యాకెట్లే కాబట్టి ప్రార్థనకు కూర్చున్నా వాళ్ల చూపంతా వాటి మీదే ఉండేది. అది వాళ్ల తప్పు అని నేను అనను.

ఈ సెట్‌తో నాకు వచ్చిన పెద్ద బాధ ఒక్కటే. బాలయేసును తొట్టికి జిగురుతో అతికించేశారు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ డిసెంబర్ 24 రాత్రి వరకు తొట్టి ఖాళీగా ఉండాలని, యేసు పుట్టుక గురించి చెప్పే లూకా సువార్త రెండో అధ్యాయం చదివాకే బాలయేసును అందులో పడుకోబెట్టాలని మేం అనుకున్నాం. నెల ముందే ప్రభువు తొట్టిలో ఉంటే ఇక దేనికోసం ఎదురుచూడాలి? మా ఆయన సన్నని బ్లేడుతో ఓపిగ్గా గంటసేపు కూర్చుని విడదీశారు. బొమ్మ వీపు మీద గీత పడింది, గడ్డి వేస్తే కనబడదు. ఇప్పుడు ఆ రాత్రి మా చిన్నది రెండు చేతుల్లో బాలయేసును పట్టుకుని, వాక్యం అయ్యేదాకా కదలకుండా నిలబడుతుంది. దాన్ని అలా చూస్తుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో గడ్డి నింపిన తొట్టి, నిజమైన ఎద్దు, గాడిద పెట్టించి క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. ప్రభువు ఎంత పేదరికంలో పుట్టాడో జనం కళ్లారా చూడాలని ఆయన కోరిక. ఈ సెట్‌లోని పాకకు బంగారు రంగు, మెరుపులు లేకపోవడం అందుకే నాకు నచ్చింది.

కార్డుల్లో వాక్యభాగాల ఎంపిక బాగుంది. యెషయా 11తో మొదలై మరియకు గబ్రియేలు దూత కనబడటం, యోసేపు కల, బేత్లెహేము ప్రయాణం వరుసగా వస్తాయి. అయితే ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే రోజులు, అడ్వెంట్) పాటించే కుటుంబాలకు తేదీలు కుదరవు. నాలుగు ఆదివారాల లెక్క ప్రకారం 2022లో అది నవంబర్ 27న, 2023లో డిసెంబర్ 3న మొదలైంది. మేం ఆదివారాల్లో వేరుగా చదువుకుంటున్నాం.

బాలయేసును చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల కార్డు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. గొర్రెల కాపరులతో పాటు వాళ్లూ అదే రాత్రి పాకలోకి వచ్చినట్టు రాశారు. మా పెద్దాడు మత్తయి సువార్త రెండో అధ్యాయం తీసి, "అమ్మా, ఇక్కడ ఇల్లు అని ఉంది, ముగ్గురు అని కూడా లేదు" అన్నాడు. నిజమే, మూడు కానుకల గురించి ఉంది కానీ వాళ్లెంతమందో మత్తయి చెప్పలేదు. అప్పటినుంచి మా జ్ఞానులు ముందుగది కిటికీ దగ్గర బయల్దేరతారు. పిల్లలు రోజుకో జానెడు జరుపుతారు. జ్ఞానుల రాకను గుర్తుచేసుకునే జనవరి 6కి పాక చేరతారు. క్రిస్మస్ మర్నాడే అన్నీ సర్దేసే అలవాటు మాకు అలా పోయింది.

గిఫ్టులు ఇప్పటికీ ఇస్తాం, కాకపోతే బాలయేసును తొట్టిలో పెట్టి ప్రార్థన చేసుకున్నాకే. మొదటి ఏడాది పిల్లలు కాస్త గొణిగారు, తర్వాత అలవాటైంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి జిగురు వల్ల. మీరు ఏ సెట్ కొన్నా, తొట్టిలోంచి బాలయేసు విడిగా వస్తాడా అని ముందే అడగండి.