హాస్కెల్‌తో నాలుగేళ్లు: కంపైలర్ మాట వేరు, ప్యాకేజీల మాట వేరు

బేగంబజార్‌లో మా బావకు స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఆ కొట్టు బిల్లుల ప్రోగ్రామ్ 2021లో నేనే హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. ఆఫీసులో నా పని జావాలో. హాస్కెల్ ఇష్టం కొద్దీ పట్టుకున్నది. ధరల పట్టిక ఎక్సెల్‌లో ఉంటుంది. ప్రోగ్రామ్ దాన్ని చదివి, సరుకు రకం చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ చూసి, జీఎస్టీ వేసి బిల్లు తీస్తుంది. నాలుగేళ్లలో లెక్క తప్పిందని బావ ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆ ధీమాతోనే తెలిసినవాళ్లందరికీ "హాస్కెల్‌లో కంపైలయితే పనిచేసినట్టే" అని చెబుతూ వచ్చాను. కంపైలర్ అంటే మనం రాసిన కోడ్‌లో తప్పులు చూసి, దాన్ని కంప్యూటర్ నడిపేలా మార్చేది.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శాతం శ్లాబులు ఎత్తేస్తున్నట్టు చెప్పింది. స్టీలు గిన్నెలు 12 నుంచి 5కి దిగాయి. అమలు 22 నుంచి. మర్నాడే బావ ఫోన్: "22 సోమవారం. కొట్టు తెరిచేసరికి బిల్లు కొత్త రేటుతో రావాలె రా. గిరాకీ అంతా ఆ తారీకు కోసమే ఆగింది." గంట పని బావా అన్నాను. నిజంగా గంట పనే. కానీ ఎండాకాలంలో లాప్‌టాప్ మార్చాను. కొత్తదాంట్లో కోడ్ ఉంది గానీ, దాన్ని ఒక్కసారి కూడా కంపైల్ చేసి చూడలేదు.

20వ తేదీ శనివారం రాత్రి భోజనం చేసి కూర్చున్నాను. కంపైలర్లు దించుకునే జీహెచ్‌సీఅప్‌తో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.6 వేశాను. ప్యాకేజీలు, అంటే ఇతరులు రాసి పంచిన కోడ్, తెచ్చి ప్రోగ్రామ్ కట్టే పనిముట్టు క్యాబల్; దాంతో బిల్డ్ కొట్టాను. నా కోపమంతా ఆ తర్వాత తెర మీద కనిపించిన దాని మీదే.

ప్యాకేజీల వెర్షన్లు కుదర్చలేనప్పుడు క్యాబల్ ఇచ్చే సందేశం చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. అసలు కారణం అందులో ఉంటుంది, ఒకే ఒక్క వాక్యంగా. నా ఫైల్లో బేస్ అనే మూల ప్యాకేజీ 4.14 కావాలని రాసి ఉంది, 9.6 కంపైలర్‌తో వచ్చే బేస్ 4.18. బేస్ కంపైలర్‌తో కలిసే వస్తుంది, దాన్ని విడిగా మార్చుకోలేం. అంతే సంగతి. కానీ ఆ వాక్యం వెంటే బేస్ వెర్షన్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఇవేవీ పనికిరావు, ఇన్‌స్టాల్ అయి ఉన్నదే వాడాలి అంటుంది. కన్ను ఆ గుంపు మీదికే పోతుంది. చివర్లో, ప్యాకేజీల చెట్టంతా వెతికాను, ఫలానా ప్యాకేజీల దగ్గర ఎక్కువ ఇబ్బంది పడ్డాను అని కొన్ని పేర్లు చెబుతుంది. వాటిలో ఏది ముందు మార్చాలో చెప్పదు. ఇదే భాష కంపైలర్ టైపు (విలువ ఏ రకందో చెప్పేది) తప్పయితే వరుస నంబరు, అక్షరం స్థానం, ఏం ఉండాలి, ఏం ఉంది అన్నీ చెబుతుంది. 9.6 నుంచి ప్రతి తప్పుకూ ఒక కోడ్ కూడా ఇస్తోంది. పక్కనే ఉన్న పనిముట్టు మాత్రం మనిషిని ఇలా ఒంటరిగా వదిలేస్తుంది. నాకు నిజంగా బాధ కలిగించిన విషయం ఇదొక్కటే.

ఆ బేస్ హద్దు 2021లో, కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే క్యాబల్ ఇనిట్ ఆదేశం పెట్టింది. నేను దాన్ని చూడకుండా వదిలేశాను, కాబట్టి అక్కడ తప్పు నాదే. దాన్ని సడలిస్తే, జేసన్ డేటా చదివే ఏసన్ ప్యాకేజీ దగ్గర ఆగింది. నేను అడిగిన దాని 1.5 వెర్షన్ కొత్త బేస్‌ను ఒప్పుకోదు. అప్పటికి పన్నెండు దాటింది. అలౌ-న్యూయర్ అనే సెట్టింగ్ పెట్టాను. ఆ మాటకు అర్థం, రాసినవాళ్లు పెట్టిన పై హద్దులను లెక్కచేయకు అని. ఈసారి క్యాబల్ ఒప్పుకుంది. అరగంట కంపైల్ చేసి, నేను ఎప్పుడూ పేరు వినని ఒక ప్యాకేజీ మధ్యలో టైపులు కుదరక ఆగిపోయింది. ఎవరో రాసిన కోడ్, అందులో తప్పు నేనెలా దిద్దను? తెలిసింది ఏమిటంటే, ఆ పై హద్దులు ఊరికే పెట్టినవి కావు. వాటిని తోసేస్తే తకరారు మాయం కాదు, ఇంకో చోట తేలుతుంది.

ఆదివారం పొద్దున ఏసన్ 2కి మార్చుకుందామని మొదలుపెట్టాను. ముందు, కుదించిన ఫైళ్లు విప్పే జడ్‌లిబ్ లైబ్రరీ లేదని ఆగింది. ఎక్సెల్ ఫైలు లోపల జిప్పే కాబట్టి అది కావాలి; ఉబుంటులో జడ్‌లిబ్1జీ-డెవ్ వేస్తే ఆ ఒక్కటీ రెండు నిమిషాల్లో తీరింది. ఏసన్ అలా తీరలేదు. 2021లో ఏసన్ మీద ఒక భద్రతా లోపం బయటపడింది. కావాలని ఒకే హాష్ (కీ నుంచి లెక్కకట్టే సంఖ్య) వచ్చే కీలు పంపి సర్వర్‌ను కదలకుండా చేయొచ్చని తేలడంతో, 2.0లో ఆబ్జెక్ట్ లోపలి హాష్‌మ్యాప్ అనే పట్టిక తీసి కీమ్యాప్ పెట్టారు. మంచి మార్పే. కానీ నా కోడ్‌లో హాష్‌మ్యాప్ నేరుగా ముట్టుకున్న చోటల్లా విరిగింది. దాని వెనకే ఎంటీఎల్ అనే ఇంకో ప్యాకేజీ. అది 2.3 నుంచి కంట్రోల్ మొనాడ్ అనే మాడ్యూల్‌లోవి తనతో పాటు ఇవ్వడం మానేసింది, దాంతో "వెన్", "ఫర్‌ఎమ్" లాంటి మామూలు మాటలు కూడా ఎక్కడున్నాయో తెలియదని కంపైలర్ అంటుంది. ఒక్క ఇంపోర్ట్ వరుసతో పోయేదే, కానీ ఫైలు ఫైలుకీ పెట్టాలి. మధ్యాహ్నం మూడయింది. జీఎస్టీ రేటు మీద ఇంకా చెయ్యే వేయలేదు. టెన్షన్‌తో అన్నం కూడా సయించలేదు.

అప్పుడు పాత కమిట్లు, అంటే కోడ్‌లో అప్పుడప్పుడు దాచుకున్న మార్పులు, వెనక్కి తిప్పుతుంటే ఒక ఫైలు కనబడింది. 2021లో పని పూర్తయిన రోజు, వాడిన వెర్షన్లన్నీ రాసిపెట్టే క్యాబల్ ఫ్రీజ్ కొట్టి, వచ్చిన ఫైలును కోడ్‌తో పాటే దాచాను. ఆ సంగతే మరచిపోయాను. అందులో ప్రతి ప్యాకేజీ, దాని కచ్చితమైన వెర్షన్, ఆ రోజు హాస్కెల్ ప్యాకేజీల గోదాము హ్యాకేజ్ జాబితా ఏ స్థితిలో ఉందో ఆ తేదీ, గంట, నిమిషం సహా ఉన్నాయి. నేను మార్చినవన్నీ పక్కన పెట్టాను. జీహెచ్‌సీఅప్‌తో పాత 8.10.7 వేశాను; 9.6ను తీసేయనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. బిల్డ్‌కు పాత కంపైలర్ పేరు చెప్పాను. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంది కాబట్టి ఒకేసారి ఒక్క ప్యాకేజీయే కంపైల్ చేయమన్నాను. గంట పట్టింది. ఒక్క తప్పు లేదు. నాలుగేళ్ల కిందటి ప్రోగ్రామ్, కొత్త మెషీన్ మీద, వెనకటి బిల్లే మళ్లీ తీసింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అప్పటికి సాయంత్రమైంది. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. కింద అపార్ట్‌మెంట్ ఆవరణలో పాటలు మొదలయ్యాయి. అసలు పని అప్పుడు చేశాను. రేటు చెప్పే ఫంక్షన్ ఇదివరకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఒక్కటే తీసుకునేది; ఇప్పుడు తేదీ కూడా అడిగేలా మార్చాను. కంపైలర్ పద్నాలుగు చోట్లు చూపించింది. పదమూడు నాకు గుర్తున్నవే. పద్నాలుగోది సరుకు వాపసు వచ్చినప్పుడు క్రెడిట్ నోట్ రాసే చోటు. ఆగస్టులో 12 శాతంతో అమ్మిన గిన్నెలు అక్టోబరులో వెనక్కి వస్తే, క్రెడిట్ నోట్ 12 శాతంతోనే ఇవ్వాలి. టైపులు ముందే చూడని భాషలో అయితే ఆ చోటు నాకు తట్టేదే కాదు.

అయితే నేను అందరికీ చెప్పే మాట ఇక్కడే కొంత తగ్గించుకోవాల్సి వచ్చింది. అక్కడ తేదీ కావాలని కంపైలర్ అడిగింది, ఏ తేదీ అన్నది మాత్రం దానికి తెలియదు. తొందరలో ముందు ఈరోజు తేదీ ఇచ్చాను. అది ఏమీ అనకుండా ఒప్పుకుంది. చిన్న పరీక్ష రాసి నడిపితే క్రెడిట్ నోట్ 5 శాతంతో వచ్చింది; అప్పుడు బయటపడింది. తర్వాత బిల్లు తేదీకి ఒక టైపు, ఈరోజు తేదీకి వేరే టైపు పెట్టాను. ఇప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే కంపైల్ కాదు. అంటే కంపైలర్ కాపాడుతుంది, కానీ దేని నుంచి కాపాడాలో ముందు మనం టైపులో చెప్పి ఉండాలి.

తొమ్మిదిన్నరకు బావకు పంపాను. సోమవారం పొద్దున మొదటి బిల్లు ఫొటో తీసి పెట్టాడు, అడుగున 5 శాతం.

హాస్కెల్ తీసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, ఒక్కడే రాసుకుని ఒక్కడే చూసుకునే నాలాంటివాడికి తీసుకోమనే చెబుతాను. నాకు ఆదివారం ఖాళీ ఉంది, అవతల ఉన్నది మా బావ. అయిదుగురు కలిసి పనిచేసే ఆఫీసులో, ఇద్దరు కొత్తగా చేరినవాళ్లు ఉన్నచోట ఆ శనివారం రాత్రి వస్తే ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. ఎవరు మొదలుపెట్టినా, పని చేసిన రోజే ఫ్రీజ్ ఫైలు తీసి కోడ్‌తో దాచండి, కంపైలర్ వెర్షన్ కూడా అక్కడే రాసి పెట్టండి. క్యాబల్ లాంటి ఇంకో పనిముట్టు స్టాక్ వాడేవాళ్లకు, కలిసి పనిచేసే వెర్షన్ల జాబితా అయిన స్నాప్‌షాట్ వల్ల ఈ బాధ చాలావరకు ఉండదని తెలుసు. నేను మొదటి నుంచీ క్యాబల్‌కే అలవాటు పడ్డాను, అందుకే దాని మీద ఇంత కోపం, ఇంత ఇష్టం.

దసరా సెలవుల్లో తీరిగ్గా కూర్చుని 9.6కు మార్చాను. ఏసన్, ఎంటీఎల్ రెండూ కలిపి రెండు రోజులు పట్టింది. ఆ కాపీని పాతదాని పక్కనే నడిపిస్తున్నాను. మార్చి 31 లెక్కలు రెండింట్లో ఒకేలా వస్తేనే కొట్టు కంప్యూటర్‌లో కొత్తది పెడతాను.